మూడంగుళాలు తెగిన టేపు

బొంగరం కాళ్లూపుతూ హోంవర్కు చేస్తోంది. ఊపిన కాలు అమ్మ కుట్టుమిషనుకు తగిలింది.

"ఒక్కచోట నిలవవు కదా," అంది అమ్మ తలెత్తకుండా.

బొంగరం అని పేరు పెట్టింది అన్న. ఆరో తరగతి లెక్కలు చెప్పేదీ అతనే. బొంగరం జవాబు మాత్రం రాసుకుని లేచి పరిగెడుతుంది. నిన్న టీచరు సగం మార్కులే వేశారు. "జవాబు సరే, దారేది?" అని పక్కన రాశారు.

"జవాబు రైటైతే చాలదా?" పొద్దున్నుంచీ గొణుగుతూనే ఉంది.

"గొణిగింది చాల్లే. గడియారం మామయ్య కొట్టు గుమ్మం కొలుచుకురా. తెర సాయంత్రానికి ఇవ్వాలి."

మామయ్య ఎదురు కొట్లో గడియారాలు బాగుచేస్తాడు. దుమ్ము పడితే వాటి చక్రాలు ఆగిపోతాయి. అందుకే గుమ్మానికి తెర.

అమ్మ టేపు పాతది. మొదటి మూడంగుళాలు ఎప్పుడో తెగిపోయాయి. అది ఎంత చూపినా అమ్మ మూడు తీసేసి, ఆ లెక్కకి గుడ్డని స్కేలుతో కొలిచి కోస్తుంది.

గుమ్మం ఎత్తు టేపు మీద డెబ్బై అయిదు. బొంగరం పరుగున వచ్చింది. మెట్ల మీద అన్న కనిపించాడు.

"అన్నా, డెబ్బై అయిదులో మూడు పోతే?"

"డెబ్బై రెండు. ఇదీ నేనే చెప్పాలా?"

చీటీ మీద 72 అని గీకి, అమ్మ ముందు పడేసి, ఆటకి పోయింది.

సాయంత్రం తెర కట్టారు. కింద ఖాళీ మిగిలింది. గాలికి దుమ్ము లోపలికి దూరింది. మామయ్య గబగబా గడియారాల మీద కాగితం కప్పాడు.

"చెల్లెమ్మా, ఇది తెరా, నిక్కరా?"

అమ్మ మొహం చిన్నబోయింది. "డెబ్బై రెండులో మూడు తీసే కుట్టానన్నయ్యా."

చూడ్డానికి వచ్చిన బొంగరం కాళ్లు ఆగిపోయాయి. "అమ్మా... మూడు నేను ముందే తీసేశాను."

"చీటీలో ఆ మాటేదీ?"

చీటీలో 72 తప్ప ఏమీ లేదు.

ఇంటికొచ్చి అమ్మ గుడ్డలు వెతికింది. "ఇదొక్క పీలికే మిగిలింది. తప్పు కోస్తే ఇంక లేదు." కత్తెర తీసింది.

"ఆగమ్మా. కుట్లకి ఎంత పోతుంది?"

"రెండంగుళాలు."

పక్కనే ఉన్న అన్న జవాబు చెప్పబోయాడు.

"నువ్వు చెప్పకు," అంది బొంగరం. కోయాల్సిన ముక్కని x అనుకుని, అమ్మ సుద్దముక్కతో తనే బల్ల మీద రాసింది.

x − 2 = 3
x = 3 + 2
x = 5

"అన్నా, దారి తప్పానేమో చూడు."

అతను ఒక్కో వరుసా చదివాడు. "తప్పలేదు."

అమ్మ అయిదంగుళాలు కోసి కుట్టింది. ఈసారి తెర గడపని తాకింది. మామయ్య గడియారాల మీది కాగితం తీశాడు.

మర్నాడు పక్కింటి కిటికీ కొలవడానికి బొంగరమే వెళ్లింది. పరుగున వెళ్లి పరుగునే వచ్చింది. అమ్మ చీటీ అందుకుంది.

టేపు మీద 51
తెగింది 3
51 − 3 = 48

"నలభై ఎనిమిదిలో మూడు..." అనబోయిన అమ్మ, రెండో వరుస చూసి ఆగింది. కత్తెర అందుకుంది.