అహ్లోన్ అమ్మాయికి ఫారినర్ టికెట్

"ఫారినర్లకి టికెట్ ఇక్కడ, మేడమ్," అన్నాడు కౌంటర్‌లో కూర్చున్న పెద్దాయన, ఇంగ్లీషులో, ఎంతో మర్యాదగా.

ఎవరితో అంటున్నాడా అని ఏంజెలీనా వెనక్కి తిరిగి చూసింది. వెనక ఎవరూ లేరు. సెప్టెంబరు వాన మాత్రం దబదబా పడుతోంది.

ఏ పగోడా అని అడక్కండి. యాంగోన్‌లో పగోడాలకేం కొదవ? దేశం వాళ్ళు ఊరికే లోపలికి వెళ్తారు, విదేశీయులు టికెట్ కొనుక్కుని వెళ్తారు. ఏంజెలీనా తాత పుట్టింది ఈ ఊరి అహ్లోన్ పేటలో. నాన్న పుట్టిందీ అక్కడే. ఆమె పుట్టింది అదే ఇంట్లో, పాత బియ్యం మిల్లుల వెనక సందులో. కాకపోతే ఒంటి రంగు చామనఛాయ, కళ్ళు పెద్దవి, పైగా ఆ రోజు జీన్స్ వేసుకుంది. అంతే, ఫారినర్ అయిపోయింది.

"నేను ఈ ఊరిదాన్నే. మెట్ల మీది కొట్టుకి బొమ్మలు ఇవ్వడానికొచ్చాను," అంది బర్మీస్‌లో.

"అబ్బో, మా భాష బాగానే నేర్చుకున్నారే!"

"నేర్చుకోలేదు. మాటలొచ్చినప్పుడే ఇదీ వచ్చింది."

"అయితే మీ గుర్తింపు కార్డు చూపించండి."

కార్డు బ్యాగులోనే ఉంది. తీసి చూపిస్తే గొడవ అక్కడితో తీరిపోయేది. కానీ ముందు వెళ్ళిన వాళ్ళలో ఒక్కరినీ కార్డు అడగలేదు ఆ పెద్దాయన. అది చూశాక ఏంజెలీనా చెయ్యి బ్యాగు దాకా వెళ్ళనంటే వెళ్ళనంది.

అదే సమయానికి ఒక కుర్రాడు గొడుగు మూసుకుంటూ వచ్చాడు. కొత్త లోంజీ కట్టాడు. మడత ఇంకా విడలేదు. కౌంటర్ పెద్దాయన అతన్ని చూసి చిరునవ్వు నవ్వి, లోపలికి దారి చూపించాడు. టికెట్ ఊసే లేదు. కుర్రాడు కూడా తల ఊపి దర్జాగా ముందుకు నడిచాడు.

నడుస్తూ తనలో తాను అనుకున్నాడు, అదీ పైకి, అదీ తెలుగులో: "ఏం మర్యాదరా నాయనా! నిన్న నిక్కరుతో వస్తే లోపలికి రానివ్వం అన్నారు, ఈ లుంగీ కొని కట్టుకుంటే దండ వేసేలా ఉన్నారు!"

ఆ మాటలు ఏంజెలీనాకి అక్షరం పొల్లుపోకుండా అర్థమయ్యాయి. ఒళ్ళు మండిపోయింది.

"ఇదిగో పెద్దాయనా!" అంది కౌంటర్ వైపు తిరిగి, బర్మీస్‌లో, నలుగురికీ వినబడేలా. "ఫారినర్ నేను కాదు, వాడు! పట్టుకోండి!"

కుర్రాడు పట్టుబడ్డాడు. రెండు ముక్కలు ఇంగ్లీషు మాట్లాడేసరికి గుట్టు రట్టయింది. సిగ్గుపడుతూ టికెట్ కొనుక్కున్నాడు. అక్కడితో ఊరుకుంటే కథే ఉండేది కాదు. ఏంజెలీనా నోట ఒక తెలుగు తిట్టు విన్నాడు. వినగానే ముఖం వెలిగిపోయింది.

"మీరు తెలుగువారా! అయ్యో, ముందే చెప్పొద్దూ? మీ టికెట్ కూడా నేనే కొనేస్తానండి. ఇంత చిన్నదానికి గొడవెందుకు?"

"గొడవెందుకా? నా ఊల్లో నాను తిరగడానికి నువ్వు టికెట్టు కొంటావేటి?" అంది ఏంజెలీనా. "నీ టికెట్టు నువ్వే జాగర్తగా దాసుకో!"

బొమ్మల మూట చంకన పెట్టుకుని వానలోకి వెళ్ళిపోయింది. కుర్రాడు ఆమె వెళ్ళిన వైపే చూస్తూ పగోడా చూడటం మర్చిపోయాడు.

* * *

మర్నాడు బోజో మార్కెట్‌లో, తను పనిచేసే కొట్టులో, ఏంజెలీనా లక్క పెట్టెలు తుడుస్తోంది.

"ఈ గుర్రం బొమ్మ ఎంత?" అని ఎవరో ఇంగ్లీషులో అడిగారు.

తలెత్తింది. లోంజీ కుర్రాడు. ఈ రోజు ప్యాంటులో ఉన్నాడు.

"మీరా!" అన్నాడు అతను, ఒకడుగు వెనక్కి వేసి. "ఇక్కడ కూడా నన్ను పట్టిస్తారా?"

నవ్వు రాకూడదనుకుంది. వచ్చేసింది. "కొంటాను అన్నోళ్ళని పట్టించం. పారినర్ రేటు సెప్పమంటావా, సుట్టాల రేటు సెప్పమంటావా?"

"చుట్టాల రేటు తక్కువా?"

"ఎక్కువ. సుట్టాలు మొగమాటానికి బేరమాడరు కదేటి?"

అతని పేరు కన్నారావు. ఊరు భీమిలి. సరుకుల ఓడలో థర్డ్ ఇంజనీరు. వానల వల్ల సరుకు దింపడం ఆగిపోయి, ఓడ అహ్లోన్ రేవులో కదలకుండా కూర్చుంది. అమ్మకి, ఇద్దరు చెల్లెళ్ళకి ఏవైనా జ్ఞాపికలు కొనాలని, ఊరు చూడాలని దిగాడు. అమ్మకి లక్క పెట్టె తీసుకున్నాడు. చెల్లెళ్ళకి కొనాల్సినవి మాత్రం ఎంతకీ తెమలలేదు. ఈ రోజు గాజులు చూశాడు, మర్నాడు గొడుగులు చూశాడు, ఆ మర్నాడు మళ్ళీ గాజులే చూశాడు.

"నీ సెల్లెళ్ళు నిజంగా ఉన్నారా, గాజుల కోసం పుట్టించేవా?" అని ఏంజెలీనా అడిగేసింది.

"ఉన్నారు. కానీ వాళ్ళకి తొందర లేదు," అన్నాడు కన్నారావు. "మీరు ఊరు చూపిస్తే నాకూ తొందర లేదు."

"టూరిస్టులు సూసేవి నాను సూపించను. నా ఊరు సూపిస్తాను. నచ్చితే రా."

చూపించింది. కొట్టు మూశాక చిమిండైంగ్ సంతలో చేపల బుట్టల మధ్య బురదలో నడిపించింది. పీట మీద కూర్చోబెట్టి టీ తాగించింది. సైనిక ప్రభుత్వం పుణ్యమా అని బస్సు చార్జీలు ఒక్కసారిగా పెరిగాయని జనం ఎలా మండిపడుతున్నారో చెప్పింది. తాత బస్తాలు మోసిన మిల్లు చూపించింది. వాన పడితే ఒకే గొడుగు. కన్నారావు సగం తడిసేవాడు. ఆ సగం ఎప్పుడూ ఏంజెలీనాకి అవతలి వైపే ఉండేది. అది ఆమె గమనించింది. గమనించనట్టు నడిచింది.

ఇక్కడ కుర్రాళ్ళని పేరుకి ముందు 'కో' పెట్టి పిలుస్తారు. ఏంజెలీనా అతన్ని 'కో కన్నా' అంది. అతనికి ఆ పిలుపు ఎంత నచ్చిందంటే, వినబడనట్టు నటించి రెండోసారి పిలిపించుకునేవాడు.

ఇంటికి తీసుకెళ్తే నాన్నమ్మ మేరమ్మ కళ్ళద్దాలు సవరించుకుంది. "బీమిలేటి? ఒరే బాబూ, మా అత్తోరిదీ అటే! మరి నువ్వు పెబువుని నమ్ముకున్నావేటి?"

"మాది సింహాచలం అప్పన్న, మామ్మా."

"సర్లే, అన్నం తిను," అంది మేరమ్మ, రెండు చేప ముక్కలు ఎక్కువ వేసి.

దాచడానికేముంది? కన్నారావంటే ఏంజెలీనాకి ఇష్టం పుట్టింది. పగలు కొట్టులో లెక్క తప్పేంత ఇష్టం.

ఒక సాయంత్రం సంత నుంచి వస్తుంటే వీధి మొత్తం ఆగిపోయింది. బౌద్ధ సన్యాసులు వరసగా నడిచి వస్తున్నారు. వాన వాళ్ళ గుండ్ల మీద నుంచి కారుతోంది. చేతుల్లో భిక్షాపాత్రలు బోర్లించి పట్టుకున్నారు.

"అవి బోర్లించారేం?" అని గుసగుసగా అడిగాడు కన్నారావు.

"సైనికుల దగ్గిర్నుంచి దానం పట్టరంట. దానం పట్టకపోతే ఇచ్చినోడికి పున్నెం రాదు. ఇక్కడ అంతకన్నా పెద్ద సిచ్చ లేదు." ఏంజెలీనా గొంతులో గర్వం పొంగింది. "తుపాకులున్నోల్ల మొగం మీద 'నీది మాకొద్దు' అంటన్నారు. సూసేవా?"

అతను చూశాడు. కానీ సన్యాసుల్ని కాదు, ఆమెని. ఆ రోజు అతనికి సగమే అర్థమైంది.

* * *

ఓడ మర్నాడు బయల్దేరుతుందని ఆర్డరొచ్చింది. ఊరు వేడెక్కుతోంది, సరుకు దింపినంతవరకు చాలని కంపెనీ వాళ్ళు కంగారు పడ్డారు. కన్నారావు రేవు దగ్గర ఆమె కోసం కాచుకుని ఉన్నాడు. చేతిలో చిన్న పొట్లం. అందులో, చెల్లెళ్ళ కోసమని ఇన్నాళ్ళూ బేరమాడిన గాజులు.

"ఇవి నీకే. మొదటి నుంచీ నీకే," అన్నాడు. తర్వాత మాటలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. "ఏంజెలీనా, నాతో వచ్చెయ్. పాస్‌పోర్టు, వీసా అన్నీ నేను చూసుకుంటాను. అక్కడ నిన్నెవరూ కార్డు అడగరు. ఇంటర్నెట్ కూడా సరిగా లేని ఈ ఊళ్ళో, ఎప్పుడేమవుతుందో తెలియని ఈ ఊళ్ళో ఎందుకు? మామ్మని కూడా తీసుకెళ్దాం. ఎంతైనా మన దేశం మన దేశమే కదా."

ఏంజెలీనా చెయ్యి పొట్లం దాకా వచ్చి ఆగిపోయింది.

"ఏ దేశం?"

"అదే, మన..."

"సిన్నప్పుడు ఇస్కూల్లో 'మీ దేశం పో' అన్నారు. బస్సులో అన్నారు. ఆపీసుల్లో అన్నారు. ఆల్లు తిట్టినట్టు అన్నారు, నువ్వు గాజులెట్టి అంటన్నావు. తేడా ఏటి?" ఆమె పొట్లాన్ని అతని వైపే నెట్టింది. "బీమిలి నీ ఊరు. నాను పొటోలో కూడా సూడ్నేదు. మా తాత ఎముకలు ఈ మట్టిలో ఉన్నాయి. ఇన్నాల్లకి ఈ ఊరు తలెత్తి నిలబడతంటే, ఒగ్గేసి నీ ఎనకాల రమ్మంటావా? నీ గాజులు నాకొద్దు, కో కన్నా."

అతను ఏదో అనబోయాడు. ఆమె వినలేదు. ఇంటికి వెళ్ళి తలుపేసుకుని, మేరమ్మ ఎంత పిలిచినా పలకకుండా ఏడ్చింది. తప్పు చేశానని ఏడవలేదు. సరిగ్గా చేసినా ఇంత నొప్పి ఎందుకని ఏడ్చింది.

* * *

మర్నాడు ఊరంతా వీధిలోనే ఉంది.

సన్యాసులు నడి రోడ్డు మీద నడుస్తున్నారు. వాళ్ళ మీద ఎవరూ చెయ్యి వెయ్యకుండా రెండు పక్కలా జనం చేతులు పట్టుకుని గొలుసులా నిలబడ్డారు. బర్మా వాళ్ళు, చీనావాళ్ళు, మన వాళ్ళు. ఏంజెలీనా ఒక చేత్తో పక్క సందు దర్జీ ఆవిడ చెయ్యి, ఇంకో చేత్తో మేరమ్మ చెయ్యి పట్టుకుంది. ముసలామెని రావద్దంటే, "నాను సైన్యాన్ని ఎన్నిసార్లు సూసేనో నీకేటి తెలుసు?" అని గొడుగు తీసుకుని ముందే బయల్దేరింది. వాన ఆగడం లేదు. ఆ గొలుసులో ఎవరూ ఎవర్నీ కార్డు అడగలేదు.

అంత జనంలో ఒకతను ఒక్కొక్క ముఖమూ చూసుకుంటూ వస్తున్నాడు. గొడుగు లేదు. తడిసి ముద్దయిపోయాడు. ఏంజెలీనా అతన్ని గుర్తుపట్టి కేకేసింది.

"ఎందుకొచ్చావు? ఓడ ఎల్లిపోనేదా?"

"సాయంత్రం పోటుకి వెళ్తుంది. నేనూ వెళ్ళాలి. కాంట్రాక్టు జనవరి దాకా ఉంది."

"అయితే ఎల్లు! ఇక్కడ నువ్వు దొరికితే జైల్లో ఏస్తారు."

"ఒక్క మాట అడిగి వెళ్తాను." కన్నారావు రెండు చేతులూ చాపాడు. ఖాళీగా ఉన్నాయి. "నిన్న నీకు ఇల్లిస్తాను, దేశమిస్తాను అన్నాను, నీకవి లేనట్టు. రాత్రంతా ఇంజన్ గదిలో కూర్చుని సిగ్గుపడ్డాను. ఈ రోజు ఇవ్వడానికి ఏమీ తేలేదు. అడగడానికొచ్చాను. జనవరి తర్వాత ఇక్కడికే వస్తాను. ఓడలు బాగుచేసే చోట ఏదో పని వెతుక్కుంటాను. వీసా అయిపోతే వెళ్ళి మళ్ళీ తెచ్చుకుంటాను. మళ్ళీ అయిపోతే మళ్ళీ తెచ్చుకుంటాను. నీ ఊళ్ళో, నీ పక్కన, నాకు కొంచెం చోటిస్తావా?"

ఏంజెలీనా అతని ఖాళీ చేతుల కేసే చూసింది.

"ఇనబడ్డాదేటే పిల్లా?" అంది మేరమ్మ. "నాకయితే బాగా ఇనబడ్డాది. ఒరే బాబూ, ఆదివారం మాతోటి గుడికొస్తావేటి?"

"వస్తాను మామ్మా. నువ్వూ ఒకసారి మా అప్పన్న కొండకి రావాలి."

"మెట్లెక్కలేను గానీ, కిందుండి సూస్తాను," అంది మేరమ్మ. ఆమె వైపు నుంచి పెళ్ళి అక్కడితో ఖాయమైపోయింది.

ఇంతలో చేతికి ఎర్ర గుడ్డ కట్టుకున్న విద్యార్థి ఒకడు పరుగున వచ్చాడు. జనాన్ని వరసలో నిలబెట్టే పని అతనిది. కన్నారావుని ఎగాదిగా చూసి బర్మీస్‌లో గబగబా అడిగాడు. కన్నారావు బిక్కముఖం వేశాడు.

"ఈయనెవరు? బయటివాళ్ళని పంపించెయ్యండి, వాళ్ళకే ప్రమాదం," అన్నాడు విద్యార్థి ఏంజెలీనాతో.

ఏంజెలీనా మేరమ్మ చెయ్యి వదిలింది. కన్నారావుని చొక్కా పట్టి తమ ఇద్దరి మధ్యకి లాగింది. వీధి వీధంతా వినేలా బర్మీస్‌లో జవాబు చెప్పింది. దర్జీ ఆవిడ తన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. వెనకాల ఎవరో చప్పట్లు కొట్టారు. విద్యార్థి నవ్వి, కన్నారావు భుజం తట్టి ముందుకు పరుగెత్తాడు.

"ఏమంది మామ్మా?" అన్నాడు కన్నారావు ఆదుర్దాగా.

"ఈడు బయటోడు కాదు, నా పెనిమిటి కాబోయేవాడు అన్నాది," అంది మేరమ్మ. "ఈది మొత్తానికి తెలిసిపోనాది. నీకే ఆకర్న తెలిసినాది."

కన్నారావు ఏంజెలీనా వైపు తిరిగాడు. ఆమె మాత్రం ముందుకే చూస్తోంది. బుగ్గలు ఎర్రగా ఉన్నాయి.

"జనవరి అన్నావు," అంది. "పిబ్రవరి అయితే నానూరుకోను."

దూరంగా లౌడ్‌స్పీకర్ కట్టిన సైనిక ట్రక్కు మలుపు తిరిగింది. గుంపులు చెదిరిపోవాలి, అందరూ ఎవరి ఇళ్ళకి వాళ్ళు వెళ్ళాలి, లేకపోతే చర్య తప్పదు అని అరుస్తూ వాళ్ళ వైపే వస్తోంది.

"ఏమంటున్నాడు?" అని అడిగాడు కన్నారావు.

"ఇంటికి పొమ్మంటన్నాడు."

"మరి?"

"ఇంటికాడే ఉన్నాం కదా," అంది ఏంజెలీనా, అతని వేళ్ళలో వేళ్ళు బిగించి.

ట్రక్కు దగ్గరికొచ్చింది. వరసలో ఒక్కరూ కదల్లేదు.