పళ్ళెంలో పెరిగిన చర్మం

అమెరికాలోని డులూత్‌లో కాలిన గాయాల ఆసుపత్రి కింది అంతస్తులో గ్వెన్ చర్మం పెంచేది. రోగి ఒంటి మీంచి తపాలా బిళ్ళంత ముక్క కోసిస్తే, మూడు వారాల్లో దాన్ని పళ్ళేల్లో పెంచి, కాలిన చోట అతికించడానికి దుప్పటంత చేసేది. రోగి పోతే ఆ పళ్ళేల్లో బ్లీచ్ పోసి, పేరు పైకి పలికి సాగనంపడం అక్కడివాళ్ళ అలవాటు.

జనవరిలో గ్యాస్ పేలి గ్వెన్ కూతురు టెస్సా ఛాతీ, చేతులు కాలిపోయాయి. ఎందరి చర్మమో పెంచిన గ్వెన్‌కు సొంత బిడ్డది మాత్రం పెరగలేదు. పళ్ళేలకు బూజు పట్టింది. పక్కనే, ముందురోజు చనిపోయిన ఆల్మా అనే ఆవిడ చర్మం నిగనిగలాడుతోంది.

"అది బ్లీచ్‌లో పోవాలి," అన్నాడు తోటి ఉద్యోగి మోర్టన్, గొంతు తగ్గించి. "ఆవిడ పేరైనా పలకలేదు మనం. నీకేమైనా మతిపోయిందా గ్వెన్?"

"పోయింది. నీ కూతురైతే నీకుండేదా? కొన్నాళ్ళు కప్పి ఉంచితే చాలు, ఈలోగా దానిది మళ్ళీ పెంచుతాను."

మోర్టన్ బ్లీచ్ సీసా పక్కన పెట్టేశాడు. గ్వెన్ ఆల్మా పళ్ళేల మీద పేరు మార్చేసింది. ఆ సాయంత్రమే డాక్టర్లు టెస్సాకు అతికించారు. చర్మం ఇట్టే అతుక్కుంది.

వారం తిరిగింది. బయట మంచు తుఫాను, మధ్యాహ్నమే చీకటి. గదిలో మందుల వాసన కింద ఎవరిదో పాత సెంటు వాసన.

"అమ్మా... ఈ చేతులు నా మాట వినట్లేదు."

"మత్తు మందు వల్లమ్మా."

"కాదు... నిద్రపోతే నా మొహం తడుముతున్నాయి. ఎవరో పోల్చుకుంటున్నట్టు..."

గ్వెన్ చేతి తొడుగులు తీసేసి, వట్టి చేత్తో కూతురి చెయ్యి పట్టుకుంది.

సందెవేళ టెస్సా గుండె ఆగింది. డాక్టర్లు చేయాల్సిందంతా చేసి, తల దించుకుని వెళ్ళిపోయారు. నేనే చంపుకున్నానా, నా బిడ్డను నేనే... గ్వెన్ కూతురి నుదురు తాకింది. చల్లగా ఉంది.

చెయ్యి మాత్రం వెచ్చగా ఉంది.

ఆ వేళ్ళు... మెల్లగా... బిగిశాయి.

అవి టెస్సావి కావని ఆమెకు తెలుసు. అయినా వదలలేదు. ఆ వెచ్చదనం తప్ప ఆమెకింకేం మిగిలింది?

చాలాసేపటికి నర్సు వచ్చి భుజం తట్టింది. "ఇక వదిలెయ్యండమ్మా."

గ్వెన్ వదలబోయింది. చెయ్యి రాలేదు. వంగి చూసింది. తన వేళ్ళు ఎక్కడ ఆగాయో, ఆ వేళ్ళు ఎక్కడ మొదలయ్యాయో... మధ్యలో అతుకు లేదు.