హోడి అనకుండా

నాలో ఒక మంచి గుణం ఉంది. ఉన్నది ఒక్కటే కాబట్టి ముందే చెప్పుకుంటున్నాను. మనుషులు లేని ఇంటి నమూనా నేను చెయ్యను. కిసుము ఊళ్ళో నాతోపాటు ఆర్కిటెక్చర్ చదివేవాళ్ళు విదేశీ పుస్తకాల్లోంచి ఓవర్‌కోట్ల మనుషుల్ని, వాళ్ళ కుక్కల్ని కత్తిరించి అట్ట ఇళ్ళ ముందు అతికించేవాళ్ళు. మా సరస్సు ఒడ్డు ఎండలో ఓవర్‌కోట్లు! నేను మాత్రం అక్కడ నిజంగా బతికేవాళ్ళని చూసి, బొటనవేలి గోరంత అట్టముక్కల్లో వాళ్ళనే కోసి నిలబెట్టేవాణ్ణి. ప్రతి నమూనాలో నేనూ ఉండేవాణ్ణి, మిగతావాళ్ళకన్నా పిసరంత పొడుగ్గా. దీన్ని నేను వినయం అనుకునేవాణ్ణి. మా క్లాసు నాంజాలా దీనికి వేరే పేరు పెట్టింది. అది అచ్చులో బాగుండదు.

ఆ ఏడాది ఒలాండో పేట మా చేతికొచ్చింది. అన్నీ రేకుల ఇళ్ళు. వాటి స్థానంలో పక్కా ఇళ్ళు, మధ్యలో అందరికీ కలిపి ఒక వంటశాల, చిన్న బడి కడతామని ఇళ్ళ పథకం పెద్దలు మాటిచ్చారు. నమూనా మేం చెయ్యాలి. ఎవరికేం కావాలో వెళ్ళి అడగమని ప్రొఫెసర్ ఒడువోల్ మమ్మల్ని పేటలోకి తోలాడు.

టేపు పట్టుకుని మొదటి ఇంట్లోకి దూరాను. లోపల ఒక ముసలామె చిన్న చేపలు వేయిస్తోంది. తలెత్తకుండానే అంది:

"హోడి అనే అలవాటు లేదా మీ ఇంట్లో?"

బయటికొచ్చి గుమ్మం ముందు నిలబడి బుద్ధిగా "హోడి" అన్నాను, లోపలికి రావచ్చా అని. ఆమె ఇంకో వాయి వేయించేదాకా నన్ను ఎండలో మాడ్చి, అప్పుడు "కరీబు" అంది. రమ్మని.

ఆమె పేరు అపోండి. మొగుడు పోయాక పల్లెలో ఆమె గుడిసెని మరుదులే కూలదోస్తే ఈ పేటకొచ్చి చేపలమ్ముకుంటోంది. ఆమె అడిగింది ఒక్కటే.

"నేల మీద గది కావాలి నాయనా. గుమ్మం నాదై ఉండాలి. మనవాళ్ళలో ఇల్లు లేని ఆడదాన్ని పూడ్చరని నీకు తెలీదా? రేపు నా శవాన్ని ఎక్కడ పెడతారు, నీ మెట్ల మీదా?"

"మూలగది నీదే అవ్వా."

"నోటితో ఇచ్చావు. చేత్తో ఇయ్యి."

చేత్తో ఇచ్చాను. నమూనాలో కింద మూలగది ఆమెకే చేశాను. దానికి తలుపంటే కట్టర్‌తో పైపైన గీసిన గీత, అంతే. తెరుచుకునేది కాదు. గుమ్మం ముందు నెత్తిన గంగాళంతో అట్ట అపోండిని నిలబెట్టాను. పేటలో దాన్ని చూపించిన రోజు ఆమె వంగి చూసి పడీపడీ నవ్వింది. తన నడుం అంత సన్నగా ఎప్పుడుందని అడిగింది. తర్వాత నా బొమ్మ చూసి, నువ్వింత పొడుగు ఎప్పుడయ్యావురా అంది.

ఆ నవ్వుని ఎవరో ఫొటో తీశారు. మర్నాడు పత్రికలో వేశారు. పేటవాళ్ళు సంతోషంగా ఒప్పుకున్నారట. దేనికి ఒప్పుకున్నారో రాయలేదు. ఆ మరుసటి రోజు తెల్లారకముందే బుల్డోజర్లు వచ్చాయి. పత్రికలో నవ్వుతున్న మనిషి మీద ఆమె గోడే కూలింది. బుల్డోజర్ హోడి అనదు కదా.

మా పల్లెలో ఆమెకి ఇల్లేదీ అని మరుదులు శవాన్ని తీసుకోలేదు. శవం మార్చురీలో ఉండిపోయింది. ఇళ్ళు కూల్చినవాళ్ళూ, ఇల్లేదని అడిగినవాళ్ళూ రాత్రి హాయిగా నిద్రపోయి ఉంటారు. నాకు నిద్ర పట్టలేదు. అదేం గొప్ప కాదు. పట్టకపోవడం వల్ల ఎవరికీ గది రాదు.

ఆ వారంలోనే ప్రొఫెసర్ మేం నమూనాలు చేసే స్టూడియోకి వచ్చాడు. పథకం మారిందట. కింద అంతా కార్లకి. వంటశాల లేదు, బడి లేదు.

"మూలగది కోసెయ్ ఒబుయా. రేపు పెద్దలొస్తున్నారు."

"అది అపోండి అవ్వది సార్."

"ఆవిడ ఇప్పుడు వాడుకోదుగా," అన్నాడు. గొడుగు తీసుకుని వెళ్ళిపోయాడు.

ఆ మాటకి అతన్ని కొట్టాల్సింది. నేను జిగురు డబ్బా తీశాను. నా కోపం అలాంటిది. కత్తికి లొంగకుండా ఆ గదిని ఇంకా గట్టిగా అతికించేద్దామని నేనూ నాంజాలా కూర్చున్నాం. చీకటి పడుతుండగా వాన మొదలైంది. రేకుల కప్పు మీద రాళ్ళు పోసినట్టు మోత. కరెంటు పోయింది. తడిసిన అట్ట వాసన, జిగురు వాసన... వాటి కింద ఇంకో వాసన.

నూనె వాసన. చేపలు.

"కాంటీన్ మూసేశారుగా," అంది నాంజాలా మెల్లగా.

కర్ర్... కర్ర్...

అట్ట మీద గోరు గీరుతున్న చప్పుడు. నా చెయ్యి బల్ల మీదే ఉంది. నాంజాలా చేతులు ఆమె ఒళ్ళో ఉన్నాయి. ఫోన్ లైటు వేసి నమూనా మీదికి తిప్పాను.

గుమ్మం ముందు అపోండి లేదు.

నేను పైపైన గీసిన గీత... తెరుచుకుని ఉంది. గోరు పట్టేంత సందు. లైటు దగ్గరికి తీసుకెళ్ళాను. వెలుగు గుమ్మం దాకా వెళ్ళి ఆగిపోయింది. లోపలికి పోలేదు. లోపల చీకటి ఆ గది కన్నా పెద్దది.

నూనె చిటపటలాడింది.

"హోడి అనరేం?"

అంత చిన్న గదిలోంచి అంత మామూలు గొంతు. అరవలేదు. కోపమంతా అందులోనే ఉంది.

"అను," నాంజాలా నా మోచెయ్యి గిచ్చింది. "అనవోయ్..."

"హో... డి."

వాన ఎప్పుడాగిందో తెలీదు. చిటపట మాత్రం ఆగలేదు. ఆ మొదటి రోజులాగే నన్ను నిలబెట్టింది. ఒక వాయి అయింది. గరిటె గీరిన చప్పుడు. ఇంకో వాయి పడింది. నా కాళ్ళు కదల్లేదు. మర్యాద వల్ల కాదు.

అప్పుడు తలుపు ఇంకొంచెం తెరుచుకుంది.

"కరీబు."

నాంజాలా నా కాలర్ పట్టుకుని లాగింది. నా వీరత్వానికి గుర్తుగా ఒక చెప్పు అక్కడే మిగిలింది.

పొద్దున పెద్దలు చుట్టూ నిలబడ్డారు. మూలగది ఇంకా ఉండటం చూసి ప్రొఫెసర్ నా వైపు ఒక చూపు విసిరి, కత్తి కూడా అడక్కుండా బొటనవేలితో దాన్ని విరిచేశాడు. పెద్దలు నవ్వారు. విరిగిన గది ఖాళీ. నేల అట్ట మీద ఒక నూనె మరక. అట్ట అపోండి ఎక్కడా లేదు. పొడుగాటి నా బొమ్మ కూడా లేదు.

ఆమెని ఏ గుమ్మమూ లేని చోట, ఎవరివో తెలియని శవాలతో కలిపి పూడ్చారు. భవనం లేచింది. కింద కార్లు. మూలన తలుపూ కిటికీ లేని మొండి సిమెంటు గోడ. అక్కడ ఎవరూ కారు పెట్టరు. నూనె మరకలు పడుతున్నాయట, ఎక్కణ్ణించో తెలీదట.

నాంజాలాతో ఒకసారి వెళ్ళాను. పట్టపగలు. ఆ గోడని చూడగానే ఒళ్ళు మండి పిడికిలితో గుద్దాను. నొప్పి నాకే. గుద్దినవాణ్ణి గుద్దినట్టు రాకుండా, అలవాటుగా "హోడి" అని కూడా అన్నాను.

కాసేపు చిటపట.

తర్వాత గోడ లోపల్నుంచి, "కరీబు."

అవ్వ గొంతు కాదు. నాంజాలా గోడ వైపు చూడలేదు. నా నోటి వైపు చూసింది, కదిలిందేమోనని. అది నా గొంతు.

అప్పట్నుంచి తలుపులు చాలానే గీశాను, లోపలికి తెరుచుకునేవీ, బయటికి తెరుచుకునేవీ. నమూనాల్లో నన్ను నేను పెట్టుకోవడం మానేశాను. లోపల్నుంచి నేనే నన్ను రమ్మంటే ఏం చెయ్యాలో మాత్రం ఇంకా నేర్చుకోలేదు.