రెండు నాడుల పట్టీ

పునఃస్థాపన మూడోసారి కూడా అరవై నాలుగు శాతం దగ్గరే ఆగిపోయింది. ఎస్తేరు పెట్టె తెరవంక చూసి, "అబ్బా, మళ్ళీ అక్కడే!" అంది.

ఎదురుగా పీటమీద కూర్చున్న వరహాలు తన కుడిచేతిని ఒళ్ళో పెట్టుకుని, పొరుగింటి చంటిబిడ్డని చూసినట్టు బెరుగ్గా చూసుకుంటోంది.

"ఏమంటుందండి మీ పెట్టె?"

"ముద్ర సరిపోలేదంటోందండీ."

ఆ రోజుల్లో గోదావరి లంకల్లో పనిచేసే ప్రతి చేతికీ ఒక కరపట్టీ ఉండేది. చేతి నేర్పునంతా పట్టీ పగలల్లా మూటగట్టుకుని, పొద్దువాలే వేళకి రేవులో ఉన్న నిక్షేపాలయానికి పంపేది. దాన్ని హస్తనిక్షేపం అనేవారు. మంగలి కత్తిపట్టు, దర్జీ కుట్టు, మృదంగం మీద ఆడే వేళ్ళు, అన్నీ అక్కడ భద్రం. ఆ ఏడు నరాలజ్వరం వచ్చి ఊళ్ళకి ఊళ్ళే చేతిపని మరిచిపోతే జనం బెంబేలెత్తలేదు. వరసలో నిలబడి ఎవరి చెయ్యి వాళ్ళు వెనక్కి తెచ్చుకున్నారు. దర్జీ జ్వరంలో ఆపేసిన కుట్టు దగ్గర్నుంచే మళ్ళీ సూది అందుకున్నాడు. ఇదేం వింత అని ఎవరూ నోరెళ్ళబెట్టలేదు, అంత అలవాటైపోయింది.

వరహాలు ఒక్కర్తికే చెయ్యి తిరిగి రాలేదు. పూతరేకులు తీసే చెయ్యి ఆమెది. జ్వరం తగ్గిన నలభై రోజుల్లోగా నరాలు నిక్షేపాన్ని అందుకోవాలి, ఆ తర్వాత ఏం చేసినా ఎక్కదు. ఇవాళ ముప్పై తొమ్మిదో రోజు. అందుకే నిక్షేపాలయం వాళ్ళు తప్పు పట్టుకోవడంలో ఘటికురాలని ఎస్తేరుని పొద్దున్నే పడవ ఎక్కించి పంపారు.

ఎస్తేరు పట్టీ మార్చి చూసింది. తీగ మార్చింది. రేవులో ఉన్న ప్రతి పాడైందేమోనని పట్నంలో దాచిన రెండో ప్రతిని తెప్పించింది. అదీ సరిగ్గా అక్కడే మొరాయించింది. రెండు ప్రతులూ ఒకేచోట చెడవు కదా! అంటే తేడా దాచడంలో జరగలేదు, పట్టీ రాసుకున్ననాడే జరిగింది. ఏ రోజు మూటమీద ఆ రోజు, చేతి యజమాని నాడి ముద్రగా పడుతుంది. ఇరవై మూడేళ్ళ మూటల్ని ఆమె మొట్టమొదటి దాన్నుంచి ఒక్కొక్కటే విప్పుకుంటూ పోయింది. పన్నెండో మూటలో ఆగింది.

"వరహాలు గారూ, ఈ పట్టీ ఇంకెవరైనా పెట్టుకున్నారా?"

"అబ్బే, ఎవరూ లేరండి." అని, అంతలోనే వరహాలు నాలిక్కరుచుకుంది. "అంటే... మా అత్తగారు. బుల్లెమ్మ గారు. పొయ్యి దగ్గర కూర్చున్నప్పుడు మాత్రమేనండి, ఆయ్."

"అదేమిటండీ!"

"బోర్లించిన కుండ కాగుతా ఉండాలి కదండీ. కాస్త ఆలస్యమైతే వేడి పెరిగిపోయి రేకు మాడిపోద్ది. నాకు చెయ్యి పీకిందనుకోండి, పిండిలో ముంచిన బట్ట ముంచినట్టే పక్కకి చాపేదాన్ని. ఆవిడ అందుకునేది. బట్టతోపాటు పట్టీ కూడా అటు జరిపేసేవాళ్ళం. ఆవిడకి పీకితే మళ్ళీ నాకు."

"ఆవిడకి వేరే పట్టీ ఇచ్చుంటారుగా?"

"ఇచ్చారండి. అటకమీద పడేసింది. పొయ్యి ఒక్కటే అయినప్పుడు రెండు పట్టీలెందుకే అనేది."

ఎస్తేరు తల పట్టుకుంది. బుల్లెమ్మ పోయి తొమ్మిదేళ్ళయింది. పోయినవాళ్ళ నిక్షేపాన్ని పదమూడో రోజున చెరిపెయ్యాలని చట్టం. పరాయి నాడి కలిసిన మూటకైతే నియమం ఇంకా సూటిగా ఉంది: పరాయి భాగాన్ని కోసేసి, మిగతాది ఎక్కించాలి. ఆమె కోత ఆజ్ఞ ఇచ్చింది. పెట్టె కాసేపు గుర్రుమని, 'ఎక్కడ కొయ్యాలి?' అని అడిగింది.

ఇరవయ్యేళ్ళ ఉద్యోగంలో ఆ ప్రశ్న అడిగిన పెట్టెని ఎస్తేరు చూడలేదు. పట్టీ రెండు మణికట్లనీ తాకుతూ చెయ్యి మారిన ఘట్టాన్ని పెద్దది చేసి తెరమీద పరిచింది. ఎర్రగీత వరహాలు నాడి. నీలం గీత బుల్లెమ్మది. ఎర్రది ముందు కాస్త తొందరపడుతూ ఉంది. బట్ట అందించే వేళకి నెమ్మదించింది. నీలంది వచ్చి దానిమీద కూర్చుంది. రెండు ఊపిర్లంతసేపు ఒకే గీత, తర్వాత మళ్ళీ విడిపోయాయి. కాకతాళీయమేమోనని ఇంకో రోజు తీసింది. అదే. మరో ఏడాది తీసింది. అదే! మొత్తం నాలుగు వేల నూట పన్నెండు చోట్ల ఇద్దరాడవాళ్ళ గుండెలు ఒక్కటిగా కొట్టుకున్నాయి. ఆ చోట్లలో చెయ్యి ఎవరిదో పెట్టె తేల్చుకోలేకపోయింది.

ఎస్తేరు ఒళ్ళు గగుర్పొడిచింది. శస్త్రవైద్యుల చేతులు చూసింది, వీణ వాయించే చేతులు చూసింది, చెయ్యంటే తనకి తెలియంది లేదనుకుంది. "ఓరి దేవుడా," అంది పైకే.

వరహాలుకి గీతలు చూపించి, ఏది ఎవరిదో చెప్పింది. వరహాలు ఎడమచేత్తో నీలం గీతని తాకింది.

"ఇది ఆవిడ గుండేనా అండీ?"

"అవునండీ."

"తొమ్మిదేళ్ళ నుంచీ ఇక్కడే ఉందా మా అత్త!" అని వరహాలు చెంగు నోటికడ్డం పెట్టుకుని భోరుమంది.

ఆమె తేరుకున్నాక ఎస్తేరు ఉన్నదున్నట్టు చెప్పింది. "కలిసిన చోట్లన్నీ తీసేసి ఎక్కిస్తే సగం చెయ్యి తప్పకుండా వస్తుంది. రేకులు తీస్తారు, కొత్తగా నేర్చుకునేవాళ్ళలా. ముద్ర విప్పి ఇద్దర్నీ కలిపి ఎక్కిస్తే పూర్తి చెయ్యి రావచ్చు. కానీ ఇలా ఇదివరకెవరూ చెయ్యలేదండీ. నరాలు తిరగ్గొడితే ఆ సగమూ రాదు. ఇంక ఈ జన్మకి అంతే."

"ఆవిణ్ణి కోసి నన్ను బాగుచేస్తారా?" వరహాలు కుడిచెయ్యి ముందుకి చాపింది. "ఎక్కించండి."

నియమం మీరి ఎస్తేరు ముద్ర విప్పేసింది. అరవై రెండు, అరవై మూడు. అరవై నాలుగు దగ్గర ఇద్దరూ తెరమీదికి వంగారు. అరవై అయిదు వచ్చింది. ఆపైన అంకెలు ఆగకుండా నూటికి చేరిపోయాయి.

వరహాలు పొయ్యిలో కొబ్బరాకులు ఎగదోసి, బట్ట పిండిలో ముంచి కుండమీద లాగింది. తెల్లటి పొర చటుక్కున లేచింది. ఇంకోటి. మరోటి. ఎస్తేరు ఒక రేకుని కిటికీ వెలుగులోకి ఎత్తి పట్టుకుంటే దానిలోంచి గోదావరి మీద పోతున్న పడవ కనబడింది. వేళ్ళమధ్య ఏమీ లేనట్టే ఉంది.

ముప్పయ్యో రేకు తీశాక వరహాలు చెయ్యి ఆగింది. తడిబట్టతో మెల్లిగా పక్కకి తిరిగి, గాల్లోకి చాపుకుని నిలిచిపోయింది.

"నొప్పిగా ఉందా అండీ?"

"నేను చాపలేదండి. అదే చాపింది. అత్త పోయాక కూడా ఇలా చాపబోతే నేనే మనసులో అదిమేదాన్ని, ఆ అదుపు మూటకెక్కలేదు కాబోలండి." వరహాలు ఎడమచేత్తో పట్టి లాక్కుంది. రాలేదు. కుండ మీంచి పొగ లేస్తోంది. "లేదే, అత్త లేదే," అని తన చేతికే బతిమాలుతూ చెప్పింది. చెయ్యి వినలేదు. మణికట్టు దగ్గర నాడి నెమ్మదించి, ఎవరికోసమో కాచుకుని ఉంది. ఇంకెప్పుడు రేకు తీసినా ఈ చెయ్యి ఇలాగే ఆగుతుందని, ఒంటరిగా పనిచెయ్యడం దానికి రాదని ఎస్తేరుకి అప్పుడర్థమైంది. చెయ్యి దాచడం ఎలాగో కనిపెట్టిన మహానుభావులు, దాన్ని అందుకునే మనిషిని దాచడం సంగతే తలపెట్టలేదు.

ఆమె పెట్టె మూసి పక్కకి నెట్టింది. పీట లాక్కుని వరహాలు పక్కన కూర్చుని, పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ పట్టని ఆ తడిబట్ట అందుకుంది. అప్పటిగ్గానీ ఆ చెయ్యి దిగలేదు.

"లాగండమ్మా, లాగండి, మాడిపోతోంది!" అంది వరహాలు, కళ్ళు తుడుచుకుంటూ.