అంగారకుడి మీద ఉలవలు

పుస్తకానికి చివరి అధ్యాయం లేదు. ఎవరో చింపేశారు.

హెడ్ కానిస్టేబుల్ నాగన్న పళ్ళు కొరికాడు. అంగారక గ్రహం మీద నీళ్ళ కోసం బావి తవ్వే శాస్త్రవేత్తల నవల అది. రోజూ డ్యూటీ దిగగానే కొంత కొంత చదువుకుంటూ వచ్చాడు. తీరా నీళ్ళు పడతాయో లేదో తేలే చోట చిరిగిన అంచులే మిగిలాయి.

పేజీలు లేవని ముందే కబురు పంపి, సాయంత్రం ఐదున్నరకు అతను పల్లె గ్రంథాలయంలో అడుగుపెట్టాడు. అప్పటికే గొడవ మొదలైంది.

“ఆ పిల్లే చింపింది సార్,” అన్నాడు గ్రంథాలయం ప్రెసిడెంట్ లింగప్ప. “దర్జీ పీర్ మహమ్మద్ కూతురు. ఆడపిల్లోల్లకు పుస్తకాలు వద్దంటే ఎవురూ వినలేదు. ఈ పొద్దుతో దాని కార్డు క్యాన్సిల్.”

ఆ పిల్ల, హబీబా, గోడకు ఆనుకుని నిలబడింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఏడుపు కాదు, కోపం.

“నాకిచ్చినప్పుడే లేదు సార్. జయరాముడన్నకు చెప్పినా.”

లైబ్రేరియన్ జయరాముడు తల అడ్డంగా ఊపాడు. “నాకేమీ చెప్పలేదు సార్.”

చదువు రానివాళ్ళకు రోజూ సాయంత్రం పుస్తకం చదివి వినిపించేది జయరాముడే. ఈ నవల కూడా పోయిన వారమే ముగింపుదాకా వినిపించాడు. మర్నాడు హబీబా తీసుకుపోయింది. ఆ తర్వాత నాగన్న.

“మేము విన్నప్పుడు కత పూర్తిగా ఉండె,” అంది రోజూ వినడానికి వచ్చే రామక్క. “చింపితే ఈ పిల్లే చింపల్ల.”

లాజిక్ సరిగ్గానే ఉంది. అయినా నాగన్నకు ఎక్కడో నచ్చలేదు.

“చివర ఏమయింది రామక్కా?”

“ముందంతా సోది సార్. మాత్రలు మింగి బతికేదేంది? చివరే బాగుండె. నీళ్ళు పడినాయి.”

“బలే పడినాయి!” అన్నాడు ఆదెప్ప. బావులు తవ్వే మనిషి. “రాసినోనికి దండం పెట్టల్ల.”

“నీళ్ళు పడినాక?”

“ఎద్దుల్ని కట్టి దున్నినారు. ఉలవలు చల్లినారు.”

“ఎద్దులా?”

“ఊఁ. తెల్ల ఎద్దులు.”

నాగన్న మెల్లగా జయరాముడి వైపు తిరిగాడు.

“రెండో అధ్యాయం గుర్తుండాదా? ఆ గ్రహం మీద నాలుగు కాళ్ళ జీవమే లేదని రాసినాడు. గింజ కూడా లేదు, అందుకే మాత్రలు. మరి ఎద్దులు యాడివి? ఉలవలు యాడివి?”

జయరాముడు బీరువా వైపు చూశాడు.

“ఉలవలు చల్లింది రచయిత కాదు. నువ్వు! పేజీ చూసుకుంటా సొంత కత చెప్పినావు. మర్నాడు ఈ పిల్ల పుస్తకం అడిగింది. చదివితే నీ బండారం బయటపడతాదని ముందే చింపి ఇచ్చినావు. అవునా, కాదా?”

జయరాముడు స్టూలు మీద కూలబడ్డాడు.

“మూడేండ్లుగా వాన లేదు సార్. పుస్తకం మూయంగానే రోజూ ఇదే అడుగుతారు, నీళ్ళు పడతాయా అని. చివర చూసినా... చదివేకి నోరు రాలేదు.”

“పిల్ల మీద అబద్ధం చెప్పేకి మాత్రం వచ్చిందా?”

ఆదెప్ప దిగ్గున లేచాడు. మెడనరాలు ఉబ్బాయి.

“ఏమప్పా, మేమేమన్నా పాలు తాగే పిల్లోల్లమా? నీళ్ళు పడని బావులు ఎన్ని తవ్వినా నేను! కతలో బావి ఎండితే సచ్చిపోతామా?”

“పేజీలు తీ,” అన్నాడు నాగన్న.

బీరువా అరలో పరిచిన కాగితం కింది నుంచి జయరాముడు వాటిని తీశాడు. చదవబోయాడు. ఆదెప్ప అడ్డం పడ్డాడు.

“నువ్వొద్దు. మళ్ళా ఎద్దుల్ని తోలుకొస్తావు. ఆ పిల్ల చదవనీ.”

అందరూ నవ్వారు. హబీబా నవ్వలేదు.

“దొంగ చదివితే వింటారా?”

లింగప్ప కండువా సర్దుకున్నాడు. “సరేలే, కార్డు ఉంచుకో.”

“కార్డు కాదు సార్. అందరి ముందర అన్నారు. అందరి ముందర కాదనండి.”

లింగప్ప కిటికీ వైపు చూశాడు. నాగన్న లాఠీ బల్ల మీద పెట్టి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

“చెప్పప్పా, పొద్దు పోతాండాది!” అని రామక్క అరిచింది.

“ఈ పిల్ల చింపలేదు,” అన్నాడు లింగప్ప. “తప్పు నాదే.”

హబీబా పేజీలు అందుకుంది.

“నీళ్ళు పడలేదు,” అని మొదటి వాక్యం చదివింది.

ఒక్కరూ లేవలేదు.

“ఊఁ,” అన్నాడు ఆదెప్ప, ముందుకు జరిగి కూర్చుంటూ. “ఎంత లోతు దిగి ఆపినారంట ఆ తెలివితక్కువోళ్ళు? చదువు పాపా.”