ఎడమవైపు తెర

పదకొండు నెలలుగా ఉలుకూ పలుకూ లేని మనిషి ఆ రోజు కంచం పక్కకు జరిపి, "ఇంకో చిన్న తెర కావాలి. ఎడమవైపుకి" అన్నాడు. భార్య చేతిలోని గరిటె జారి నేల మీద పడింది. ఆయన నోరు తెరిచాడన్న సంతోషంతో కాదు... ఎడమవైపు అన్న మాటకు.

ముప్పై ఏళ్ళు బస్సు నడిపిన మనిషి. ఆ పని పోయాక కూడా వీధంతా డ్రైవరుగారనే పిలుస్తుంది. ఆమె తమ్ముడే ఆ బస్సుకి క్లీనరు. రాత్రిళ్ళు బస్సు వాళ్ళ ఇంటి ముందే ఆగేది. తెల్లారగానే తమ్ముడు వెనక నిలబడి "రానీ... రానీ... చాలు బావా" అంటుంటే ఆయన సందులోంచి వెనక్కి నడిపి రోడ్డెక్కించేవాడు. ఒక ఉదయం "రానీ" వినిపించింది. "చాలు" వినిపించలేదు...

విచారణలో ఆయన చెప్పింది ఒకటే మాట. "అద్దం సరిగ్గానే ఉంది. నేనే చూసుకోలేదు." ఉద్యోగం పోయింది, లైసెన్సు పోయింది, చివరికి నోట్లో మాట కూడా పోయింది. చూడలేక కూతురు తన జీతంతో ఆటల కంప్యూటరు, దానికో స్టీరింగు తెచ్చిపెట్టింది. ఆ ఆటలో ఆయన లారీ నడుపుతాడు. ఊళ్ళకు ఊళ్ళు దాటిపోతాడు. చివరికి సరుకు దించేచోట బండి వెనక్కి పెట్టాలి. అక్కడికి రాగానే స్విచ్చి కట్టేసి లేచిపోతాడు.

"నాన్న నోరు తెరిచి అడిగాడమ్మా. నువ్వు కూడా షాపుకి రా" అంది కూతురు.

"ఆటకి రెండో తెరా? పెద్దదే తీసుకోండి పిన్నిగారూ" అన్నాడు షాపతను. "చిన్నది కొంటే మళ్ళీ నా దగ్గరికే వస్తారు."

"వస్తే నీకే కదయ్యా లాభం. చిన్నదే చూపించు."

కూతురు ఫక్కున నవ్వింది. ఆ ఇంట్లో మనిషి నవ్వి ఎన్నాళ్ళయిందో! ఆమె మాత్రం నవ్వకుండా, బల్ల మీద ఉన్న తెర అంచున అరచెయ్యి చాపి కొలిచింది. వెడల్పు జానెడు. పొడవు రెండు జానలకు కాస్త తక్కువ. రోజూ పొద్దున్నే స్టూలు వేసుకుని బస్సు అద్దం తుడిచిన చేతికి ఆ కొలత తెలియదా?

"ఇది నిలువుగా నిలబడుతుందా? పక్కనుంచి చూస్తే నల్లబడకూడదు. ఆయన మెడ తిప్పడు, కళ్ళే తిప్పుతాడు."

"మీ అమ్మగారికి ఇంత తెలిశాక ఇక నేనెందుకండీ ఇక్కడ?" అన్నాడతను కూతురితో, స్టాండు తిప్పి చూపిస్తూ.

ఆ తెర నిగనిగలాడుతోంది. వెలిగించకముందే అందులో ఆమె ముఖం కనిపించింది. బోసి చెవులు... ఆమె చప్పున వెనక్కి తగ్గింది.

"ఇది వద్దు. ఇదే కొలతలో మనిషి ముఖం కనపడనిది ఇవ్వు."

ఆ ప్రమాదం జరిగిన ఉదయం తమ్ముడు కొత్త కమ్మలు తెచ్చాడు. "పెట్టుకో అక్కా, చూసి పోతాను" అన్నాడు. ఆమె బస్సు అద్దాలు తుడుస్తూ తుడుస్తూ, ఎడమవైపుదాన్ని తనవైపు తిప్పుకుని మురిసిపోయింది. లోపల పాలు మాడిన వాసన వస్తే పరిగెత్తింది. మళ్ళీ సరిచేసిందా, లేదా? అద్దం సరిగ్గానే ఉందని ఆయన అన్నప్పటి నుంచీ ఆ మాటనే పట్టుకుని వేలాడుతోంది... చేసే ఉంటాను, చేసే ఉంటాను... అని. కమ్మలు మాత్రం ఆ రోజే తీసేసింది.

మధ్యాహ్నం కూతురు తెర బిగించి, అందులో లారీ ఎడమ అద్దం కనిపించేలా అమర్చి, పనికి వెళ్ళిపోయింది. ఆయన దాన్ని వేలెడంత పక్కకు జరిపి బండి తీశాడు. సరుకు దించేచోటు వచ్చింది. స్విచ్చి కట్టలేదు. అలాగని చెయ్యి గేరు మీదికీ పోలేదు.

ఆమెకి ఇక గొంతులో ఆగలేదు. "ఏవండీ... ఆ రోజు ఆ అద్దం..."

"తెలుసు" అన్నాడాయన.

"ఎలా?" అంది.

"బండి ఆపాక చూశాను. అద్దంలో రోడ్డు లేదు. మన గుమ్మం ఉంది. దిగి, జనం వచ్చేలోపు నేనే తిప్పేశాను."

"ఎందుకండీ? నా పేరు చెప్పి ఉంటే మీ ఉద్యోగం..."

"బండి తీసేముందు అద్దం చూసుకోవడం డ్రైవరు పని. నువ్వు తుడిచావు కదా, సరిగ్గానే ఉంటుందిలే అనుకున్నాను. ఆ తప్పు నాదే." ఆయన చిన్న తెర వైపు చూశాడు. "వాడెటూ పోయాడు. ఈ సంగతి తెలిస్తే నువ్వూ మిగలవనిపించింది. నోరు తెరిస్తే అదే వచ్చేస్తుందని మూసుకు కూర్చున్నాను."

ఆమె కూలబడి ఏడ్చింది. తమ్ముడి కోసం, ఈ మనిషి కోసం... పదకొండు నెలలు ఒకే కప్పు కింద ఇద్దరూ ఆ పాడెని చెరోవైపు మోస్తూ, బరువు రెండోవాళ్ళకి తెలియనివ్వకూడదనుకున్నారు.

"మరి ఈ తెర ఎందుకు అడిగారు?"

"ఒక్కసారి... అద్దం చూసుకుని వెనక్కి పెట్టాలి. ఒక్కసారైనా."

ఆమె కళ్ళు తుడుచుకుని లేచి, ఆయన కుర్చీకి ఎడమపక్కన నిలబడింది. చిన్న తెరలో ఖాళీ ఆవరణ, దూరంగా ఒక గోడ. మధ్యలో ఎవరూ లేరు. ఇంక ఎవరూ ఉండరు.

"రానీ..." అంది. మళ్ళీ అంది. ఆయన చెయ్యి గేరు మీద పడింది. "రానీ... రానీ..."

గోడ దగ్గరపడింది. తమ్ముడికి చెప్పే వ్యవధి దొరకని ఆ ఒక్క మాట ఆమె నోట వచ్చింది.

"చాలండీ."

లారీ ఆగింది.