తోడు పరుగు

పరుగుకు వెళ్ళడమంటే మా ఆయనకు పెళ్ళికి తయారవడమే. జబ్బకు ఫోన్ పట్టీ, ఛాతీకి గుండె వేగం చూసే బెల్టు, బూటుకు అడుగులు లెక్కపెట్టే బిళ్ళ. ఇంత హంగామా చేసి, వీధి చివరకు వెళ్ళేసరికి రొప్పేవాడు. ఆయన పోయాక ఆ సరంజామా నేను చూడలేకపోతుంటే ఆడపడుచు పట్టుకెళ్ళింది. అలాంటిది మళ్ళీ నేనే అవి అమ్మే దుకాణం మెట్లెక్కాను.

"దూరానికైతే ఫోన్ చాలమ్మా. వేగం పక్కాగా తెలియాలంటే వాచీ తీసుకోండి," అన్నాడు దుకాణదారు.

"పాత పరుగుని తోడు పెట్టుకోవచ్చట కదా?"

"పెట్టుకోవచ్చు. ఆ మనిషి మీకంటే ఎంత ముందున్నాడో, ఎంత వెనకబడ్డాడో చూపిస్తుంది. ఎవరి పరుగు?"

"మా ఆయనది. చివరిది."

"అది ఆగిన చోటే ఆగిపోతుందమ్మా," అన్నాడు మెల్లగా.

తెలుసు. గోదాముల మలుపులో ఆగింది. ఆ రోజు నేను జ్వరంతో పడుకున్నాను, ఆయన ఒంటరిగా కూలిపోయాడు. ఆ మలుపు దాకా ఒక్కసారి ఆయనతో వెళ్ళాలి. నాకింకేం వద్దు.

ఆయన చివరి పరుగును వాచీలోకి ఎక్కించి, చీకటి పడుతుండగా బయల్దేరాను. వాన వెలిసిన రోడ్డు, తడిసిన గోనెసంచుల వాసన. వాచీలో ఆయన పది మీటర్లు ముందున్నాడు. ఎప్పుడూ నా వెనక ఈసురోమంటూ వచ్చే మనిషి, ఆ రోజు నాకు అందనంత వేగంగా పరిగెత్తాడు. ఏం తొందర వచ్చిపడిందయ్యా నీకు? కళ్ళు తుడుచుకుంటూ పరిగెత్తాను.

మలుపులో ఆయన్ని అందుకున్నాను, అంకె సున్నా దగ్గర ఆగిపోయింది. గోడకు చెయ్యి ఆనించి వెక్కి వెక్కి ఏడ్చాను. ఆయన్ని అక్కడ వదిలి రావడానికి మనసొప్పలేదు.

"పద, ఇంటికి పోదాం," అన్నాను గుసగుసగా.

వెనక్కి తిరిగి ఇరవై ముప్పై అడుగులు వేశానో లేదో, మణికట్టు మీద వాచీ వణికింది.

ఇరవై మీటర్లు... వెనక.

వాచీ పాడైందనుకున్నాను. ఆగాను. పదిహేను. రోడ్డు మీద ఎవరూ లేరు. గుంటల్లో నీళ్ళు కదలడం లేదు. పది...

పరిగెత్తాను. నేను పిలిచిన మనిషి నుంచే ప్రాణాలు అరచేత పట్టుకుని పరిగెత్తాను. ఇంట్లోకి దూరి గడియ పెట్టి, పరుగు ఆపే మీట నొక్కాను. అంకె పోలేదు.

రెండు మీటర్లు. అంటే తలుపు అవతల.

అప్పుడు నా మీద నాకే అసహ్యం వేసింది. ఎవరికి గడియ పెడుతున్నాను? తలుపు బార్లా తెరిచాను.

"రా," అన్నాను.

ఒకటి. సున్నా. ఒంటి చెమట వాసన నన్ను రాసుకుంటూ పోయింది... ఆయనదే. తర్వాత, మూడు మీటర్లు ముందు. లోపలికి వెళ్ళాడు. ఆనందమో దుఃఖమో తెలియక అక్కడే చతికిలబడ్డాను.

లోపలి నుంచి చాలా సన్నగా, "తలుపు వెయ్యి," అని వినిపించింది.

వాచీ మళ్ళీ వణికింది. ఆయన అంకె కింద ఇంకో అంకె వచ్చింది. నేను ఎక్కించింది ఒక్క పరుగే. ఆ రోజు ఆయనకు వచ్చిపడిన తొందరేమిటో అప్పుడు తెలిసింది.

నలభై మీటర్లు... వెనక.

ముప్పై.